గీజర్ ఎర్త్ వైరు కత్తిరించిన ఎలక్ట్రీషియన్, ఆ తర్వాత దొరికిన మంచి ఎలక్ట్రీషియన్

ఇది ఇద్దరు ఎలక్ట్రీషియన్ల గురించి. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. మొదటతను చేసిన పని వల్ల మా అమ్మకి షాక్ కొట్టింది, రెండో ఆయన వచ్చి అసలు తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేశారు. ఇంట్లో కరెంటు పనికి నమ్మకంగా ఎవరిని పిలవాలో తెలియక వెతుకుతున్నవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మా ఇంట్లో గీజర్ వేసిన రెండు మూడు నిమిషాలకి ఇల్లంతా కరెంటు పోయేది. బోర్డులో చూస్తే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, పడిపోయి ఉండేది. పైకెత్తితే నిలబడేది, గీజర్ వేస్తే మళ్లీ పడేది. నాలుగు రోజులు అలాగే నెట్టుకొచ్చి, ఫోన్‌లో ఒక సర్వీసు ద్వారా బుక్ చేస్తే ఒకతను వచ్చాడు. రేటింగ్ బాగుంది, టైముకే వచ్చాడు, మాట మర్యాదగా ఉంది. గీజర్ ప్లగ్గు విప్పి ఏదో చేసి, మళ్లీ బిగించి ఆన్ చేసి చూపించాడు. పడలేదు. "ఎర్తింగ్ ప్రాబ్లం అండీ, ఆ వైరు తీసేశాను, ఇంక పడదు" అన్నాడు. పావుగంటలో పని అయిపోయిందన్న సంతోషంలో పూర్తి రేటింగ్ ఇచ్చేశాను.

వారం తిరక్కుండానే అమ్మ స్నానానికి వెళ్లి కుళాయి పట్టుకోగానే చేయి జివ్వుమందని కేకేసింది. పరిగెత్తుకెళ్లి మెయిన్ ఆఫ్ చేశాను. అమ్మకి ఏమీ కాలేదు, కానీ ఆ రోజంతా నా కాళ్లలో వణుకు తగ్గలేదు.

అసలు జరిగింది ఏమిటంటే, గీజర్ లోపల నీళ్లు కాచే ఎలిమెంటు పాడై కరెంటు దాని బాడీలోకి లీక్ అవుతోంది. ఎర్త్ వైరు ఉన్నన్నాళ్లూ ఆ లీకైన కరెంటు ఆ వైరు గుండా నేలలోకి పోయేది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే ఆర్‌సీసీబీ చూస్తుంది. మా ఇంట్లో ఉన్నది 30 మిల్లీఆంపియర్లది, తేడా దాదాపు అంతకి చేరితే పడిపోతుంది. అంటే అది పడిపోవడం రోగం కాదు, రోగం ఉందని చెప్పడం. మొదటతను ఎర్త్ వైరు కత్తిరించేసరికి లీకైన కరెంటుకి దారి లేక బాడీలోనే ఉండిపోయింది, అందుకే ఆర్‌సీసీబీ పడడం ఆగింది. ఆ దారి అమ్మ చేయి అయింది. నీళ్ల గుండా కుళాయి దాకా వచ్చిన కరెంటు కొద్దిదే కాబట్టి 30కి చేరలేదు, చేరలేదు కాబట్టి స్విచ్చూ పడలేదు, అమ్మకి మాత్రం తెలిసింది. పది మిల్లీఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేకపోవచ్చు. ఆ సంగతి తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి రేటింగ్‌లు చూసి పిలవలేదు. రేటింగ్ ఇచ్చేది పని అయిన గంటలోపు, కరెంటు పనిలో తప్పు బయటపడేది నెలల తర్వాత. అందుకని, ఇల్లు కట్టుకుని నాలుగైదేళ్లయినవాళ్లని అడిగాను: "మీ ఇంటికి వైరింగ్ చేసినాయన్ని ఇప్పటికీ మీరే పిలుస్తారా?" చాలామంది లేదన్నారు. అవునన్నవాళ్ల దగ్గర మూడు నంబర్లు తీసుకుని ముగ్గురికీ ఫోన్ చేశాను. ఎర్త్ సంగతి ఎత్తకుండా ఒకటే అడిగాను, గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది, ఏం చేస్తారని. ఒకాయన "బైపాస్ చేసేద్దాం" అన్నారు, అంటే ఆర్‌సీసీబీ లేకుండా నేరుగా కలిపేయడం. ఇంకొకాయన "ఆర్‌సీసీబీ పోయి ఉంటుంది, కొత్తది వేద్దాం" అన్నారు, చూడకుండానే. మూడో ఆయన మాత్రం ఎదురు ప్రశ్నలు వేశారు. వేసిన వెంటనే పడుతోందా, కాసేపటికా? ఇంకేమైనా వేసినప్పుడు పడుతోందా? ఇంతకుముందు ఎవరైనా చేయి పెట్టారా? అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ముందు ఆ ప్లగ్గు పీకి పక్కన పెట్టండి, నేను వచ్చేదాకా ఎవరూ గీజర్ జోలికి వెళ్లకండి" అన్నారు. ఇంకా డబ్బుల మాట కూడా రాలేదు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

లైసెన్సు ఉందా అని కూడా అడిగాను. అడగడానికి మొహమాటపడ్డాను కానీ ఆయన ఏమీ అనుకోలేదు, వచ్చినప్పుడు కార్డు తీసి చూపించారు. దయచేసి అందరూ అడగండి. ఆ ప్రశ్నకి చిరాకుపడే మనిషి రేపు మీ బోర్డు గురించి మీరు ఇంకేం అడిగినా చిరాకుపడతాడు.

వచ్చాక ఆయన పని చేసిన తీరు పక్కనే నిలబడి చూశాను. మెయిన్ ఆఫ్ చేశాక కూడా నేరుగా వైరు ముట్టుకోలేదు. అంతకుముందే మీటరుని కరెంటు ఉన్న చోట పెట్టి అది సరిగా చూపిస్తోందని చూసుకున్నారు, ఆఫ్ చేశాక పని చేయాల్సిన చోట పెట్టి కరెంటు లేదని చూశారు, తర్వాత మీటరుని మళ్లీ కరెంటు ఉన్న ఇంకో చోట పెట్టి చూశారు. ఎందుకని అడిగితే, "మధ్యలో మీటరే చెడిపోతే? లేదని చూపించింది కదా అని చేయి పెడితే నా ప్రాణం పోతుంది" అన్నారు. మొదటతని చేతిలో ఉన్నది టెస్టర్ స్క్రూడ్రైవర్ ఒక్కటే. అందులో దీపం వెలగాలంటే పట్టుకున్న మనిషి గుండా కొద్దిగా కరెంటు పోవాలి, కాబట్టి రబ్బరు చెప్పులతో ఎండు చెక్క మీద నిలబడితే కరెంటు ఉన్నా సరిగా వెలగకపోవచ్చట.

ఆ తర్వాత మెగ్గర్ తీశారు. అది 500 వోల్టులు పంపించి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. ఇంటి వైరింగ్‌కి పెట్టి చూపించారు, బాగానే ఉంది, కనీసం ఒక మెగాఓమ్ ఉండాలని చెప్పారు. గీజర్ ఎలిమెంటుకీ బాడీకీ మధ్య పెడితే ముల్లు సున్నా దగ్గర పడిపోయింది. అంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు. ప్లగ్గు విప్పితే ఆకుపచ్చ ఎర్త్ వైరు మొదలంటా కత్తిరించి లోపలికి మడిచి పెట్టి ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడవుగా చేసేది అది అన్నిటికన్నా ముందు తగిలి అన్నిటికన్నా చివర్లో ఊడాలని. ఇక్కడ ఆ పిన్నుకి వెనక వైరే లేదు.

ఎలిమెంటు మార్చి, ఎర్త్ కలిపి, గీజర్ నింపి, పూర్తిగా వేడెక్కేదాకా ఆన్‌లో ఉంచి చూశారు. స్విచ్ పడలేదు, ఈసారి పడకపోవడానికి సరైన కారణం ఉంది. వెళ్లేముందు ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నా చేత నొక్కించారు, అప్పుడప్పుడూ ఇలా నొక్కి పడుతోందో లేదో చూసుకోమన్నారు. ఇన్నేళ్లలో ఆ బటన్ ఎందుకుందో నేను అడగనే లేదు. ఎంసీబీలు (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు) ఇన్ని ఉన్నాయి కదా, అవి కాపాడవా అని అడిగితే చెప్పారు, 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని చంపడానికి అందులో పిసరంత కరెంటు చాలు అని. అది విన్నాక, ఎంసీబీ పడుతోందంటే వైరు సంగతి చూడకుండా పెద్దది బిగించి వెళ్లిపోయేవాళ్లంటే కూడా భయం పట్టుకుంది.

బోర్డు మొత్తం మార్చాలేమో అని నేనే అడిగాను. "అక్కర్లేదు, బాగుంది" అన్నారు. ఏ సామానుకి ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాసిచ్చారు, పాత ఎలిమెంటు చేతిలో పెట్టారు, చీలిపోయి ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ఉదయం వస్తానని సాయంత్రం వచ్చారు, ఫోన్ చేసి చెప్పలేదు. అసలే టెన్షన్‌లో ఉన్న ఇంట్లో అది చాలా ఇబ్బంది. పని అయ్యాక వైరు ముక్కలు, దుమ్ము అక్కడే వదిలేశారు. మొదటతని కన్నా ఎక్కువే తీసుకున్నారు, అది నాకు బాధ లేదు. టైము విషయంలో మాత్రం అరమార్కు తగ్గిస్తాను, ఐదుకి నాలుగున్నర.

మొదటతన్ని పంపిన సర్వీసుకి ప్లగ్గు ఫొటోతో సహా కంప్లయింట్ రాశాను. డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. అతను అంతకుముందు వెళ్లిన ఇళ్లకి ఫోన్ చేసి గీజర్ ప్లగ్గులు చూపించుకోమని చెప్పండి అని మళ్లీ రాశాను, దానికి ఇంకా జవాబు రాలేదు, వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. వంటింట్లో ఒక సాకెట్ వెనక స్క్రూ వదులై నల్లబడిందని రెండో ఆయన చూపించి వెళ్లారు, వచ్చే వారం దానికి రమ్మన్నాను, ఉదయం అంటే ఉదయమే రావాలని చెప్పి మరీ.