క్రూజ్ లో షోర్ ఎక్స్‌కర్షన్లు: షిప్ లో బుక్ చేసుకోవాలా, మనమే బయట చూసుకోవాలా? పోర్టుల వారీగా మా అనుభవం

మెడిటరేనియన్ క్రూజ్ టికెట్లు కన్ఫర్మ్ అయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ, పోర్టుల్లో దిగి తిరగడానికి షిప్ వాళ్ళ టూర్లు తీసుకుందామా లేక బయట మనమే చూసుకుందామా అని. మా ఆయన బయటే చవక అంటారు, అత్తయ్య గారికేమో షిప్ వదిలేసి వెళ్ళిపోతుందని భయం. ఇద్దరిదీ కరెక్టే. తిరిగొచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, ట్రిప్ మొత్తానికి ఒకటే పద్ధతి పెట్టుకోకూడదు అండి, ఏ పోర్టుకి ఆ పోర్టే విడిగా తేల్చుకోవాలి. అందులోనూ రేటు తర్వాత చూడొచ్చు, ముందు చూడాల్సింది షిప్ ఆగే చోటుకీ మనం చూడాలనుకున్న ఊరికీ ఎంత దూరం, తిరిగి రావడానికి ఎన్ని దారులు ఉన్నాయి అని.

ఎందుకంటే బ్రోషర్ లో ఊరి పేర్లు చాలా దగ్గరగా కనిపిస్తాయి. రోమ్ అని రాస్తారు, షిప్ ఆగేది చివిటావెక్కియాలో, అక్కణ్ణుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, అక్కణ్ణుంచి ఫ్లోరెన్స్ 90 దాకా. పారిస్ అని రాసి ల హావ్ర్ లో ఆపే షిప్పులు ఉన్నాయి, అది ఏకంగా 200 కిలోమీటర్ల దాకా. బ్యాంకాక్ అన్నా పెద్ద షిప్పులు లేమ్ చాబాంగ్ లోనే ఆగుతాయి, రోడ్డు మీద 2 గంటలు పడుతుంది. అదే మాంటెనెగ్రోలో కోటోర్ అయితే షిప్ దిగి రోడ్డు దాటితే పాత ఊరి గోడ. అలాంటి చోట "వాకింగ్ టూర్" అని షిప్ వాళ్ళకి తలకింత అని కట్టడం దండగ, హాయిగా మనమే తిరగొచ్చు, ఓపిక ఉన్నవాళ్ళు కొండ మీద కోటకి వెయ్యి పైచిలుకు మెట్లు ఎక్కొచ్చు కూడా.

రోమ్ మేం ట్రైన్ లోనే వెళ్ళాం. పోర్టు లోపల నడవనివ్వరు, షటిల్ బస్సు గేటు బయటిదాకా తీసుకొస్తుంది, అక్కణ్ణుంచి స్టేషన్ కి నడిచినా బస్సెక్కినా ఫరవాలేదు. ఊళ్ళోకి ట్రైన్ గంట అటూ ఇటూ, వాటికన్ చూడాలంటే రోమ్ మెయిన్ స్టేషన్ టెర్మినీ దాకా వెళ్ళక్కర్లేదు, శాన్ పియెట్రో స్టేషన్ లో దిగిపోవచ్చు. స్టేషన్ లో కొన్న పేపర్ టికెట్ ని ప్లాట్‌ఫామ్ మీద మెషిన్ లో పెట్టి స్టాంప్ కొట్టించుకోవాలి, మర్చిపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైన్ వేస్తారు. మీ షిప్ ఆదివారం ఆగుతుంటే వాటికన్ మ్యూజియం మూసేసి ఉంటుంది, నెలలో చివరి ఆదివారం తప్ప. కొలోసియం టికెట్ టైమ్ స్లాట్ తో, పేరుతో ఇస్తారు, ఐడీ చూస్తారు, రద్దు చేస్తే డబ్బులు రావు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా ఉంటాయి. వర్కింగ్ డేస్ లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని లోకల్ ట్రైన్లు నడుపుతారు గానీ మనం వెనక్కి రావాల్సింది మధ్యాహ్నం పూటే కదా, సరిగ్గా అప్పుడే గ్యారంటీ ఉండదు. అందుకే ముందు రోజు రాత్రి సమ్మె ఏమన్నా ఉందేమో చూసుకుని పడుకోండి.

చాలామందికి తెలియని మధ్యే మార్గం ఒకటి ఉంది. షిప్ వాళ్ళు "ఆన్ యువర్ ఓన్" అని ఒట్టి బస్సు మాత్రమే అమ్ముతారు, గైడ్ ఉండడు, ఊళ్ళో దింపి మళ్ళీ ఫలానా టైమ్ కి అక్కడే ఎక్కించుకుంటారు. పూర్తి టూర్ కన్నా బాగా తక్కువ అవుతుంది, బస్సు లేటైతే అది షిప్ వాళ్ళ బాధ్యత. పెద్దవాళ్ళతో దూరం పోర్టులకి వెళ్ళేటప్పుడు నా ఓటు దీనికే. ఊళ్ళో మన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు, నలభై మంది ఒక గైడ్ వెనకాల చెవిలో హెడ్‌సెట్ పెట్టుకుని పరిగెత్తే పని లేదు, ఎవరో ఒకాయన షాపులో ఇరుక్కుపోతే బస్సంతా ఆయన కోసం ఎదురుచూడక్కర్లేదు.

లివోర్నోలో మాత్రం బయట వ్యాన్ తీసుకున్నాం, మాతో పాటు ఇంకో కుటుంబం. పీసా, ఫ్లోరెన్స్ రెండూ చూపించారు, డ్రైవర్ చాలా మర్యాదస్తుడు, అత్తయ్య గారిని ఫ్లోరెన్స్ లో డువోమో అనే పెద్ద చర్చి దగ్గర్లో నడక తక్కువ ఉండే చోట దింపాడు, షిప్ బస్సులు అంత లోపలికి రావు. కానీ వెనక్కి వచ్చేటప్పుడు ఫ్లోరెన్స్ నుంచి పోర్టుకి వచ్చే రోడ్డు మీద యాక్సిడెంట్ అయి ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది. వ్యాన్ లో ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు, ఎదురు సీట్లో పెద్దాయన నిమిషానికోసారి వాచ్ చూసుకుంటున్నాడు, అత్తయ్య గారు కళ్ళు మూసుకుని ఏదో జపించుకుంటున్నారు. మాకు కాస్త ధైర్యం ఇచ్చింది ఒకటే, పక్క లేన్ లో మా షిప్ నంబర్ బోర్డు పెట్టుకున్న షిప్ టూర్ బస్సులు కూడా అలాగే ఇరుక్కుని ఉన్నాయి. వాళ్ళు రాకుండా షిప్ కదలదు. ఆల్ అబోర్డ్ టైమ్, అంటే అందరూ షిప్ ఎక్కేసి ఉండాల్సిన టైమ్, దాటాకే చేరాం, షిప్ ఎక్కే వంతెన (గ్యాంగ్‌వే) ఇంకా దించే ఉంది. ఆ బస్సులు వేరే రూట్ లో వచ్చేసి ఉంటే మా పరిస్థితి వేరే. బయట బుక్ చేసేవాళ్ళు ఆల్ అబోర్డ్ కన్నా కనీసం గంటన్నర ముందు పోర్టులో ఉండేలా ప్లాన్ వేయమని ఆపరేటర్ కి మెసేజ్ లో రాసి మరీ ఒప్పించండి.

ఆ ఆల్ అబోర్డ్ అనేది షిప్ బయల్దేరే టైమ్ కాదు, మామూలుగా దానికి అరగంట ముందు, కొన్నిచోట్ల ఇంకా ముందే. పైగా అది షిప్ టైమ్ లో చెప్తారు. ఇటలీ నుంచి గ్రీస్ వెళ్తే గంట ముందుకి జరుగుతుంది, ఫోన్ ఒడ్డు సిగ్నల్ పట్టుకుని దానంతటదే మారిపోతుంది, షిప్ గడియారం మారిందో లేదో కనుక్కోవాలి. చేతికి మామూలు వాచ్ పెట్టుకుని షిప్ టైమ్ కి తిప్పుకోవడం మేలు.

శాంటోరినీకి షిప్ టూరే తీసుకున్నాం, దానికి కారణం ఉంది. అక్కడ పెద్ద షిప్ ఒడ్డుకి రాదు, చిన్న బోట్లలో దింపుతారు, టెండర్ అంటారు, టూర్ తీసుకున్నవాళ్ళని ముందు పంపిస్తారు. వాళ్ళని అథినియోస్ అనే రేవులో దింపి బస్సులో కొండ ఎక్కిస్తారు, మిగతావాళ్ళు కొండ మీది ఫిరా ఊరి కింద పాత రేవులో దిగి కేబుల్ కార్ క్యూలో నిలబడాలి. పొద్దున్నే మాకు బాగా కలిసొచ్చింది, ఆ దీవిలోనే ఉన్న ఓయా ఊరి వీధులు జనం నిండకముందే చూశాం. అయితే సాయంత్రం టూర్ ఫిరాలో ముగించి చేతిలో కేబుల్ కార్ టికెట్ పెట్టేశారు. కిందకి దిగే క్యూ మాత్రం అందరికీ ఒకటే, పక్క వీధి మలుపు దాకా ఉంది. మెట్లు దాదాపు 600, గాడిదలు తిరిగే దారి, రాళ్ళు నున్నగా అరిగి, పేడతో జారుతూ ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఆ దారిలో అస్సలు దిగొద్దు, షాపింగ్ మానేసైనా ముందే క్యూలో నిలబడండి.

ఏథెన్స్ లో టూర్ అక్కర్లేదు, షిప్ ఆగే పిరేయస్ నుంచి మెట్రో ఉంది, అక్రోపొలిస్ టైమ్ స్లాట్ టికెట్ మాత్రం ముందే ఆన్‌లైన్ లో కొనాలి. నేపుల్స్ లో కూడా పాంపేయి శిథిలాలకి లోకల్ ట్రైన్ సరిపోతుంది, గేటు ఎదురుగానే దింపుతుంది, ఒకటే జాగ్రత్త, కిక్కిరిసి ఉంటుంది, పర్సులు కొట్టేస్తారు.

డబ్బుల విషయం. గాలి ఎక్కువై షిప్ ఏదైనా పోర్టు వదిలేస్తే షిప్ టూర్ డబ్బులు వాటంతటవే షిప్ లో మన అకౌంట్ లోకి వచ్చేస్తాయి. బయట అయితే ఆపరేటర్ దయ, అందుకే "షిప్ రాకపోతే పూర్తి రిఫండ్" అని స్పష్టంగా రాసిన వాళ్ళనే, వీలైతే ఆ రోజే డబ్బు తీసుకునే వాళ్ళనే చూసుకోండి. కొందరు షిప్ తప్పిపోతే తర్వాతి పోర్టుకి పంపిస్తాం అంటారు, ఆ మాట వెబ్‌సైట్ లో పెద్ద అక్షరాల్లో ఉంటే చాలదు, కండిషన్లలో రోడ్డు ట్రాఫిక్ ని మినహాయించారేమో చదవండి.

నిజంగానే షిప్ వెళ్ళిపోతే పట్టుకోవాల్సింది పోర్ట్ ఏజెంట్ ని, అంటే ఆ పోర్టులో షిప్ కంపెనీ తరఫున పనులు చూసే మనిషిని. ఆయన పేరు, ఫోన్ నంబర్ ముందు రాత్రి రూమ్ కి వచ్చే డైలీ ప్రోగ్రామ్ లోనో యాప్ లోనో ఉంటాయి, దిగేముందు ఫోటో తీసుకోండి. పాస్‌పోర్ట్ ఒరిజినల్ చేతిలో లేకపోతే కనీసం దాని కాపీ, వీసా పేజీ కాపీ, ఒక బ్యాంక్ కార్డు, ఆ రోజు వేసుకోవాల్సిన మందులతో పాటు ఇంకో రెండు రోజుల మందులు బ్యాగ్ లో ఉండాలి.