పేపర్‌లోనే ఉండే పట్టిక: జీసీఏను 18 ఏళ్లు చదివాక

జియోకిమికా ఎట్ కాస్మోకిమికా ఆక్టా, భూమి, అంతరిక్ష పదార్థాల రసాయనం మీద వచ్చే పరిశోధన పత్రిక. మా వాళ్లంతా జీసీఏ అంటారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, రివ్యూకి ఎన్ని నెలలు పడుతుంది లాంటివి వెతికితే దొరుకుతాయి, వాటి జోలికి పోను. 18 ఏళ్లుగా ఈ పత్రికను నేను వదలకుండా చదువుతున్నది ఒక్క దాని కోసమే. అందులో అచ్చయిన పట్టికల కోసం. పేపర్ చేతికి రాగానే సారాంశం మీద కళ్లు తిప్పి నేరుగా పట్టిక దగ్గరికి వెళ్తాను. రచయిత తేల్చి చెప్పిన మాట ఎంత గొప్పదైనా, ఆయన కొలిచిన అంకెలు నా కళ్ల ముందు లేకపోతే నాకు నమ్మకం కుదరదు.

నా పని భూగర్భ జలాల రసాయనం. నల్లగొండ వైపు గ్రానైటు నేలల్లో బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుందో చూస్తుంటాను. పొద్దస్తమానం కాల్షియం, సోడియం, బైకార్బొనేట్ అంకెలతోనే గడుస్తుంది. అంకెల మీద నాకింత పట్టింపు అక్కడి నుంచే వచ్చింది.

ఈ పత్రిక నన్ను ఎంత ఆశ్చర్యపరిచిందో చెప్పాలంటే మా ఎమ్మెస్సీ క్లాసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులతో, రాళ్ల వయసు లెక్కించే పాఠం నా వంతుకొచ్చింది. నాకు అలవాటైన పాఠం కాదు. పుస్తకంలోని సూత్రం బోర్డు మీద రాసి వదిలేయడం మనసొప్పక, 1956 నాటి జీసీఏ పేపర్ ఒకటి ప్రింటు తీసి అందరికీ ఇచ్చాను. క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసును తేల్చిన పేపర్ అది. మొత్తం 8 పేజీలు, రచయిత ఒక్కరే. అందులో ఒక చిన్న పట్టిక ఉంది. అయిదు ఉల్కల్లోని సీసం ఐసోటోపుల నిష్పత్తులు, అంతే. సీసం-206, సీసం-207 ఒక్కొక్కటీ సీసం-204 కి ఎన్ని రెట్లో చెప్పే రెండేసి అంకెలు. న్యూవో లరెడో అనే రాతి ఉల్కకు 50.28, 34.86. కాన్యన్ డయాబ్లో ఇనుప ఉల్కలోని ట్రాయిలైట్‌ అనే ఇనుము-గంధకం ఖనిజానికి 9.46, 10.34. యురేనియం క్షయమై సీసంగా మారుతుంది. ట్రాయిలైట్‌లో యురేనియం దాదాపు లేనట్టే, కాబట్టి అందులోని సీసం సౌరమండలం పుట్టిననాటి సీసం కింద లెక్క. మిగతా మూడూ ఈ రెంటి మధ్యలోకి వస్తాయి.

గ్రాఫు కాగితం మీద ఆ అయిదు చుక్కలూ పెట్టి స్కేలుతో గీత గీయమన్నాను. గీత ఎంత తిన్నగా పోయిందో చూసి వెనక బెంచీల వాళ్లు కూడా ముందుకొచ్చారు. వాలు 0.60 వచ్చింది. వయసు దాగి ఉండేది ఆ వాలులోనే. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి, యురేనియం ఎంత వేగంగా క్షయమవుతుందో చెప్పే క్షయ స్థిరాంకాలు వేసి, వయసు రాబట్టడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి చెయ్యెత్తింది. “సార్, నాకు 451 కోట్ల ఏళ్లే వస్తోంది. 455 రావాలి కదా?” పక్కవాళ్లకీ అదే వచ్చింది. నాకూ ఒక్క క్షణం టెన్షన్. పేపర్‌లోని వివరాలు చదువుకుంటూ పోతే విషయం తెలిసింది. ప్యాటర్సన్ వాడినవి ఆనాటి క్షయ స్థిరాంకాలు. మేం వేసినవి 1971 లో మళ్లీ కొలిచి, ఈ రోజుకీ అందరూ వాడుతున్నవి. ఆయన స్థిరాంకాల లెక్క ఆయనది, మాది మాది. అయినా ఆయన ఇచ్చిన జవాబు 455 కోట్ల సంవత్సరాలు, అటూ ఇటూ 7 కోట్లు. మా 451 ఆ హద్దులోనే పడింది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. దాదాపు 70 ఏళ్ల కిందట ఒక మనిషి కొలిచిన అంకెలు తీసుకుని, ఆయన ఊహించి ఉండని పనిముట్లతో, తెలంగాణలో ఒక క్లాసులో పిల్లలు ఆ లెక్కను మళ్లీ కట్టారు. పట్టిక పేపర్‌లోనే ఉంది కాబట్టే అది సాధ్యమైంది. “అంకెలు కావాలంటే రచయితను అడగండి” అని రాసి ఉంటే మేం ఎవరిని అడిగేవాళ్లం?

నా రంగంలోనూ ఇదే. గంగ, బ్రహ్మపుత్ర నదుల నీటిలో ప్రధాన అయాన్ల మీద సరిన్, కృష్ణస్వామి బృందం 1989 లో రాసిన పేపర్ ఇదే పత్రికలో వచ్చింది. ఆ అంకెలను నేను ఎన్నిసార్లు నా ఫైలులోకి ఎక్కించుకున్నానో లెక్కలేదు. 2005 లో కృష్ణా బేసిన్, పశ్చిమ కనుమల్లో దక్కను బసాల్టు ఎంత వేగంగా శిథిలమవుతోందో చెప్పిన పేపర్ కూడా ఇక్కడిదే. రోజూ తాగే నీటిలో ఎగువనున్న ఏ రాయి ఎంత కరిగి వస్తోందో చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

పత్రిక దృష్టి ఈ 75 ఏళ్లలో బాగా విస్తరించింది. 1950 లో మొదలైనప్పటి నుంచి ఉల్కలు, ఐసోటోపులు, రాళ్లు ఉన్నాయి. ఖనిజపు ఉపరితలాల మీద నీటి చర్యలు, సేంద్రియ పదార్థాలు, సూక్ష్మజీవులు కూడా ఇప్పుడు పెద్ద భాగమే. 2006 లో ప్రసేన్‌జిత్ ఘోష్ బృందం కార్బొనేట్లలో బరువైన ఐసోటోపులు జతకట్టే తీరును బట్టి ఉష్ణోగ్రత చెప్పవచ్చని చూపిన పేపర్ ఇక్కడే వచ్చింది. ఆ దారిలో తర్వాత బోలెడంత పని జరిగింది. ఏ ఊరి నీళ్లలో ఏముందన్నది మాత్రమే చెప్పే పేపర్లకు ఇక్కడ చోటు తక్కువ. ప్రక్రియ కావాలి. కర్ణాటకలోని మూలే హోళె అడవి వాగు ఇక్కడికి వచ్చిందంటే, రాయి మట్టిగా మారే లెక్కను అక్కడ ఆసాంతం కట్టారు కాబట్టే. మా నల్లగొండ వాయిలపల్లి ఫ్లోరైడ్ మీద మంచి పేపర్ కావాలంటే 2010 నాటి కెమికల్ జియాలజీ అనే మరో పత్రిక చూడాలి.

పేపర్ల పొడవు పెరిగింది, రచయితల పేర్లూ పెరిగాయి. నాకు కష్టంగా ఉన్నది పట్టికలు పేపర్‌లోంచి బయటికి పోవడం. 2000 ల నుంచి ‘ఎలక్ట్రానిక్ అనెక్స్’ అంటూ వేరే ఫైళ్లలోకి జారుకున్నాయి. అనెక్స్ వల్ల ఎంత నష్టమో నాకు అనుభవమైంది, అది వేరే పత్రికలో. పేరు చెప్పను. నాలుగేళ్ల కిందట మా పరిశోధక విద్యార్థి ఒక అనెక్స్‌లోని నీటి అంకెలను మా వాటితో పోల్చబోయాడు. శీర్షికలో మైక్రోమోల్ అని ఉంది. కాల్షియం 1800, మెగ్నీషియం 900. నీటిలో ధన, ఋణ ఆవేశాలు సమానంగా ఉండాలి, ఆ సరిచూపునే ఛార్జ్ బ్యాలెన్స్ అంటాం. ఈ రెండు అయాన్లకూ ఆవేశం రెండేసి కాబట్టి రెండుతో గుణించి, మిగతావాటితో కలిపి చూస్తే ధన అయాన్లు 6250, ఋణ అయాన్లు 3480. మా సూత్రమే తప్పనుకుని మూడు వారాలు తల పట్టుకున్నాం. చివరికి వాడే, “సార్, గుణించకుండా చూద్దామా?” అన్నాడు. 3550 వచ్చింది. ధన, ఋణ అయాన్ల మొత్తం మీద తేడా 1 శాతం. అవి ముందే ఈక్వివలెంట్లలోకి, అంటే ఆవేశంతో గుణించి, మార్చేసిన అంకెలు, శీర్షిక మార్చడం మరిచారు. రచయితకు మెయిల్ పెడితే వెనక్కి వచ్చేసింది. ఆ పట్టిక పేపర్ మధ్యలో ఉండి ఉంటే రివ్యూ చేసినవాళ్లలో ఒక్కరి కన్నైనా దానిమీద పడేదని ఇప్పటికీ నా బాధ.

పాత పట్టికల గురించి ఇంతగా చెప్పాను కదా, కొంత సర్దుకోవాలి. పాత పేపర్లలో నమూనా తీసిన చోటును ఒక ఊరి పేరుతో సరిపెట్టిన సందర్భాలు చూశాను. అక్షాంశ రేఖాంశాలు ఉండవు, కొలతలో తేడా ఎంతన్న గడి ఒక్కోసారి ఉండదు. ప్యాటర్సన్‌కు అయిదు వరసలు చాలాయి. ఈరోజు లేజర్‌తో ఖనిజాలను కొలిచేవాళ్లకు వేల వరసలు వస్తాయి, వాటిని అచ్చు వేయమనడం న్యాయం కాదు. జీసీఏ ఇప్పుడు డేటాను రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో, పెట్టమని రచయితలను అడుగుతోంది. అలా పెట్టిన ఫైళ్లు కొన్ని వాడాను, ప్రమాణ నమూనాల కొలతలతో సహా ఉన్నాయి. పాత అనెక్స్ కంటే చాలా మెరుగు. అయినా ముఖ్యమైన పది వరసలైనా పేపర్‌లో ఉంచితే బాగుండునని నాకుంది.

ఈ పత్రికను తీసుకోమంటానా అంటే, అది మీరెక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మాది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి 2025 జనవరి నుంచి పరిశోధన పత్రికలను అందించే కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మాకు తలుపు తెరుచుకుంది. అంతకుముందు ఒక్కో పేపర్ కోసం తెలిసినవాళ్లను అడుక్కునేవాళ్లం. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. స్థానిక నీటి సమస్య మీద త్వరగా పేపర్ వేయాల్సిన పిల్లలకు దీన్ని నేను చెప్పను, అప్లైడ్ జియోకెమిస్ట్రీ లాంటివి చూడమంటాను. చదవడానికి, అదీ నాలా అంకెలు తీసుకుని మళ్లీ లెక్క కట్టుకునే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం చెబుతాను. వచ్చే సెమిస్టర్ కోసం 1989 గంగ పేపర్ పట్టికలు ప్రింటు తీసి పెట్టాను. ఛార్జ్ బ్యాలెన్స్ గడి ఖాళీగా వదిలాను, పిల్లలు నింపాలి.