పోయ్ గిన్నెకి ఏ చెక్క మేలు: కోవుదా, గంగరావిదా?

హవాయిలో ‘మిలో’ అనే చెట్టు మన గంగరావేనని చెప్పిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: అక్కడి పాత చెక్క గిన్నెలకి గంగరావి మేలా, అక్కడే పెరిగే కోవు అనే ఇంకో చెట్టు మేలా? రెండూ సముద్రం ఒడ్డు చెట్లే, ఉప్పుగాలికి జంకేవి కావు. పొద్దున పసుపుగా విచ్చుకుని సాయంత్రానికి ఎర్రబడే పువ్వుని చూస్తే గంగరావిని మనవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కోవుకి నారింజరంగు పూలు, దండలు గుచ్చుతారు.

అందం సంగతి అలా ఉంచితే, నా లెక్కలో తేల్చేది రుచి. ఆ గిన్నెలో ఉండేది పోయ్. చేమదుంపలు ఉడికించి, రాతి రోకలితో మెత్తగా దంచి, నీళ్లు కలిపిన ముద్ద. ఒక్క పూటలో అయిపోయేది కాదు, రోజుల తరబడి గిన్నెలోనే పులుస్తుంది. అంత పులుపు చెక్కలోని వగరంతా లాక్కోదూ? కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పెరుగు ఏమవుతుందో మన ఇళ్లలో తెలియనిదా! అందుకే పడవలకి అంత పేరున్న కోవా (ఇది కోవు కాదు, వేరే చెట్టు) చెక్క పోయ్ గిన్నెకి పనికిరాలేదు. పేరుకే కోవా, తిండికి చేదు అంటిస్తుంది.

ఈ పరీక్షలో కోవు, గంగరావి రెండూ నెగ్గాయి. ఇక మిగిలింది చెక్కేవాడి కష్టం. 1778లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడలు వచ్చేదాకా అక్కడ పని దాదాపు అంతా రాతి బాడిసెలతోనే. కోవు మెత్తన, తొలవడం సులువు, అయినా మన్నుతుంది. గంగరావి గట్టిది. నునుపు చేస్తే ముదురు చాక్లెట్ రంగులో మెరుస్తుంది, కాదనను. కానీ రాతితో లోపలంతా తొలిచేవాడి భుజాలనడగాలి. మన చెట్టన్న అభిమానం ఎంతున్నా నా ఓటు కోవుకే.

గంగరావి గౌరవం వేరే చోట ఉంది. తహితిలో మరాయ్ అనే పూజాస్థలాల దగ్గర పెంచేవారు. రాపా నుయ్‌లో, అంటే ఈస్టర్ ద్వీపంలో దొరికిన, ఇంకా ఎవరూ చదవలేని రొంగొరొంగో అనే రాత చెక్కిన పలకల్లో కొన్ని ఈ చెక్కవే. పొన్నతో కూడా గిన్నెలు చేశారు, అయితే దాని పేరు ఎక్కువగా నూనెకీ పడవలకీ.

19వ శతాబ్దంలో ఒక రకం గొంగళిపురుగులు పట్టి హవాయిలో కోవు చెట్లు చాలావరకు పోయాయి. పాత గిన్నెలు మాత్రం మిగిలాయి. పగులిస్తే పారేసేవారు కాదు. పగులుకి అడ్డంగా చేపతోక ఆకారంలో చెక్కముక్క బిగించేవారు. దాన్ని ‘పెవ’ అంటారు. అలాంటి అతుకులు ఎన్ని ఉంటే ఆ గిన్నెకి అంత విలువ.