అమ్మ మంచం పక్క గడియారం: ఆరు వారాలు వాడాక రాస్తున్న సమీక్ష

వస్తువు: సమయం, వారం, తేదీ పెద్ద అక్షరాల్లో చూపించే కరెంటు గడియారం. ధర రూ. 1,450. కొన్నది కార్తికమాసంలో, గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వరండాలో, రాత్రి రెండు గంటలకు, ఫోనులో. ఆ వేళప్పుడు గడియారం కొన్నవాడి అవస్థ తెలియకపోతే ఈ సమీక్ష అర్థం కాదు. కాబట్టి ముందు అది చెబుతాను.

మా అమ్మకు 81 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే, స్నానాలగది గడప దగ్గర ఆదివారం జారిపడింది. తుంటి ఎముక విరిగింది. సోమవారమే ఆపరేషన్ చేశారు. ఎముక పనిలో వంక పెట్టడానికి లేదు. మంగళవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, ‘‘పెళ్లివారు విడిదికి వచ్చేశారు, గారెలకు పప్పు నానబోశారా?’’ అంది. నవ్వాను. రాత్రి తొమ్మిదింటికి సెలైను స్టాండును చూపించి, ‘‘ఆ పొడుగాటాయనకు కుర్చీ వెయ్యండిరా, ఎంతసేపు నిలబెడతారు?’’ అంది. అప్పుడు నవ్వు రాలేదు. అర్ధరాత్రికి సూది పీకేసింది. డ్యూటీలో ఉన్నవాళ్లు చేతులను పట్టీగుడ్డతో మంచానికి కట్టారు. నేను పక్కనే ఉండి వద్దనలేదు. ఆ తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే.

బుధ, గురువారాలు అమ్మ అలికిడి లేకుండా పడుకుంది. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేది. నీళ్లు నోటి దగ్గర పెడితే ‘‘సోమవారం కదూ’’ అని తల తిప్పుకునేది. కార్తిక సోమవారం ఉపవాసం ఆవిడకు చిన్నప్పటినుంచీ అలవాటు. మేమంతా ‘‘పోనీలే, హాయిగా నిద్రపోతోంది’’ అనుకున్నాం. నర్సులూ అదే రాసుకున్నారు.

గురువారం సాయంత్రం వయసుమళ్లిన రోగులను చూసే వైద్యురాలు వచ్చారు. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమన్నారు. అమ్మ పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. ‘‘ఇది నిద్ర కాదండీ’’ అన్నారు ఆవిడ. మన పెద్దవాళ్లు సంధి అనేది దీన్నే, వైద్యులు డెలీరియం అంటారు. ప్రేలాపన ఉంటేనే సంధి అనుకుంటాం. మాటాపలుకూ లేకుండా ముడుచుకుపోయే సంధి కూడా ఉంటుందనీ, గొడవ చేయదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరనీ ఆవిడ చెప్పాకే తెలిసింది.

తరువాత ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది. ‘‘పడడానికి రెండు వారాల ముందు ఎలా ఉండేవారు?’’ అన్నారు. ‘‘నిక్షేపంగా ఉండేది’’ అన్నాను. మా ఆవిడ నా మాటకు అడ్డు వచ్చింది. అత్తయ్య జాకెట్లు వదులైపోతుంటే సంక్రాంతి నుంచి రెండుసార్లు తానే కుట్లు వేసిందట. బ్యాంకుకు వెళ్లడం మానేశారట, మాత్రలు తాను తీసి ఇస్తేనే వేసుకుంటున్నారట, గుడికి వెళ్తే మెట్ల దగ్గరే ఆగిపోతున్నారట. ఇన్ని ‘ట’లు నా ఇంట్లోవే. వైద్యురాలు ఫ్రెయిల్టీని కొలిచే తొమ్మిది మెట్ల కొలతలో అయిదు అని రాసుకున్నారు. ఫ్రెయిల్టీ అంటే ఒక జబ్బు పేరు కాదు, ఒంట్లో నిల్వ తరిగిపోవడం అన్నారు. నిల్వ ఉన్నవాళ్లకు జలుబు మాత్ర జలుబు మాత్రే. లేనివాళ్లకు అదే చాలు, మనసు గట్టు తెగిపోవడానికి.

జలుబు మాత్ర ఊరికే అనలేదు. ఆసుపత్రి కాగితాల్లో నిద్రమాత్ర ఒకటి ఉంది. వాళ్లకు చెప్పకుండా నా జేబులోంచి నేనిచ్చిన జలుబు మాత్ర ఇంకొకటి. దానిలో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది, ముసలివాళ్లకు మతి తడబడేలా చేస్తుంది. రెండూ ఆపించారు. వీటికి తోడు నాలుగు రోజులుగా విరేచనం లేదు, ఒంట్లో నీళ్లు లేవు. కళ్లజోడు, వినికిడి యంత్రం ఆపరేషనుకు ముందు తీసినవి తీసినట్టే గొలుసుతో పాటు మా ఆవిడ సంచిలో ఉన్నాయి. చూపూ వినికిడీ సంచిలో పెట్టి, మనిషికి ఏమీ తెలియడం లేదని ఏడుస్తున్నాం మేము.

కళ్లజోడు పెట్టండి, మంచం కిటికీ పక్కకు జరపమని అడగండి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పట్టండి, రేపు కూర్చోబెడదాం, గడియారమూ క్యాలెండరూ కనిపించేలా ఉంచండి అన్నారు. వీటిలో నా ఫోనులో కొనగలిగింది గడియారం ఒక్కటే. అందుకే రాత్రి రెండు గంటలకు కొన్నాను.

ఇక వస్తువు సంగతి. శనివారం వచ్చింది. అంకెలు ఆరడుగుల నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. కరెంటు పోయి వచ్చినా సమయం తప్పలేదు. ఈ రెండింటికీ నిండు మార్కులు.

లోపాలు చాలానే ఉన్నాయి. ఎనిమిది భాషల్లో వారం పేరు చూపిస్తుంది, తెలుగు లేదు. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు ముగ్గుతో సమానం. అంతకంటే పెద్దది, పన్నెండు గంటల పద్ధతిలో ఏఎం, పీఎం అనే ముక్క ఆవగింజంత ఉంటుంది. శనివారం రాత్రి మూడింటికి లేచి 3:00 చూసి, మూడైనా కాఫీ ఇవ్వలేదని కోప్పడింది. కిటికీ బయట చీకటి చూపించాను. ‘‘మబ్బు పట్టింది’’ అంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ డెలీరియం మీద 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐసీయూ లాంటి గదుల్లో 24 గంటల గడియారం పెట్టే సంగతి ఆలోచించమని ఉందని తరువాత చదివాను. వాళ్లకూ ఈ మూడు గంటల కాఫీ అనుభవమై ఉంటుంది. మర్నాడు ఆ పద్ధతికి మార్చాను. మధ్యాహ్నం 15:00 చూసి, ‘‘సంధి పుట్టింది నాకు కాదురా, దీనికి’’ అంది. పెళ్లివారి మాట వచ్చాక నేను మనసారా నవ్వింది అప్పుడే.

వెలుగు ఇంకో బాధ. రాత్రికి తనంతట తానే తగ్గుతుందని పెట్టె మీద రాశారు. తగ్గాక కూడా ఆ నీలికాంతి పక్క మంచం దాకా పాకుతుంది. నిద్ర చెడితే మతి ఇంకా చెదిరే మనిషి పక్కన పెట్టే వస్తువు ఇలాగేనా తయారుచేసేది? రాత్రంతా దాని మీద తువ్వాలు కప్పాను. చూడటానికి కొన్న గడియారం మీద తువ్వాలు!

నిజానికి పని చేసింది మా బావమరిది శుక్రవారం పొద్దున తన ఇంటి గోడ మీంచి పీక్కొచ్చిన రోజు చీటీల క్యాలెండరు. వెల యాభయ్యో అరవయ్యో. వారం, తిథి, నక్షత్రం తెలుగులో ఉంటాయి. కళ్లజోడు పెట్టి చీటీ చేతికిచ్చాం. ‘‘శుక్రవారమా?’’ అని రెండుసార్లు చదువుకుని, గ్లాసుడు నీళ్లు తాగింది. సోమవారం కాదుగా మరి.

క్యాలెండరే నయం చేసిందని చెప్పడం లేదు. ఆ రోజే విరేచనమైంది, కూర్చోబెట్టారు, మర్నాడు వాకరుతో రెండడుగులు వేయించారు. ఏది ఎంత పని చేసిందో విడదీయలేను. అమెరికాలో యేల్ వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో 70 దాటిన 852 మంది రోగులున్నారు. నడిపించడం, కళ్లజోడు, వినికిడి, నీళ్లు, రోజూ తేదీ గుర్తుచేయడం, నిద్రకు ముందు వెచ్చని పాలు, ఇలాంటివన్నీ కలిపి చేసినచోట 9.9 శాతం మందికి డెలీరియం వచ్చింది, మామూలు వైద్యం జరిగినచోట 15 శాతం మందికి. ఆ అధ్యయనం డెలీరియం రాకుండా ఆపడం గురించి. మేము మాత్రం అది వచ్చాక మేలుకున్నాం.

ఇంటికి పంపే ముందురోజు వైద్యురాలు మళ్లీ నెలలు అడిగారు. ‘‘ఇంగ్లీషు నెలలు నాకెందుకమ్మా’’ అని అమ్మ ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం అంటూ చైత్రం దాకా ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. వైద్యురాలు వేళ్లు మడుస్తూ ఆశ్వయుజం దగ్గర లెక్క తప్పారు. ‘‘అధికమాసం వస్తే ఎక్కడ చెప్పమంటావు?’’ అని అమ్మ ఎదురు ప్రశ్న వేసింది.

ఇంటికొచ్చాక కూడా మూడు వారాలు, కొన్ని సాయంత్రాలు ‘‘మనింటికి ఎప్పుడు వెళ్దాం?’’ అని అడిగింది. ఈ మధ్య అడగడం లేదు. బజారుకు మాత్రం ఇంకా ఒంటరిగా పంపడం లేదు.

గడియారానికి అయిదుకు రెండున్నర. తెలుగు చేర్చి, రాత్రో పగలో పెద్దగా రాసి, వెలుగు ఆర్పేసే మీట ఒకటి పెడితే నాలుగిస్తాను. ప్రస్తుతం మా అబ్బాయి చదువుకునే బల్ల మీద ఉంది. క్యాలెండరు బావమరిది తిరిగి అడిగాడు, ఇవ్వలేదు.