అద్దె గదికి చేరిన ఆదా ఎంత? బరంపురం నుంచి ఒక సమీక్ష

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం పాత పేటల్లో తెలుగు కుటుంబాలు అద్దెకుండే పోర్షన్లు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. వీధి వైపు ఇంటివారు ఉంటారు. వెనక వరసగా ఒక్కో గదీ వంటిల్లూ, పైన సిమెంటు రేకులు, గుమ్మం పక్కన చిన్న సబ్ మీటరు. అసలు మీటరూ బిల్లూ ఇంటివారి పేరనే ఉంటాయి. ఇళ్లలో కరెంటు వాడకం తగ్గించడానికి వచ్చిన ప్రభుత్వ పథకాలు ఇలాంటి గదిలో ఉండే తక్కువ ఆదాయపు కుటుంబానికి ఏమాత్రం పనికొచ్చాయో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

వీటిలో నేను మంచి మార్కులు వేసేది ఎల్‌ఈడీ బల్బులను చౌకగా అందించడానికి 2015 జనవరి 5న దేశవ్యాప్తంగా మొదలైన ఉజాలా పథకానికే. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొనడం వల్ల, 2014లో 310 రూపాయలున్న ఎల్‌ఈడీ బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. వినియోగదారుకు అది 70 రూపాయల ప్రాంతంలో అందింది. 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్లది పెట్టి రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే నెలకు ఏడు యూనిట్లకు పైగా మిగులుతాయి. ఇల్లు మారేటప్పుడు బల్బును హోల్డరు నుంచి తీసి సంచిలో వేసుకోవచ్చు కాబట్టి ఎవరి అనుమతీ అవసరం లేదు. లోపమల్లా బల్బు ధరను వాయిదాల్లో కట్టే పద్ధతిలోనే ఉండేది. ఆ సొమ్మును కరెంటు బిల్లులో కలిపి వసూలు చేసిన చోట్ల, తన పేర బిల్లు లేని అద్దెదారుకు ఆ సౌకర్యం దక్కలేదు.

ఫ్యాను సంగతి ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే గంజాం తీరపు ఉక్కలో, రేకుల కింద, అది ఏడాదిలో అధిక భాగం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఉజాలా కింద కరెంటు ఆదాకు ఐదు నక్షత్రాల గుర్తు పొందిన 50 వాట్ల ఫ్యానును 1,110 రూపాయలకు ఇచ్చారు. అయితే 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యానులకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేసినప్పుడు కొలమానాన్నీ కఠినం చేశారు కనుక, అంతకుముందు ఐదు నక్షత్రాలు పొందిన ఫ్యాను ఆ కొత్త పట్టికలో ఒక్క నక్షత్రానికి సరిపోయింది. మా బజారులో ఒక దుకాణదారు పాత సరుకునే "ఐదు నక్షత్రాలదండీ, ఇంతకు మించింది లేదు" అని అంటగట్టబోయాడు. స్టిక్కరు మీద సంవత్సరం చూడకపోతే నమ్మేసేవాణ్ణే. కొనదలచినవారు బీఎల్‌డీసీ మోటారు (బ్రష్‌లు లేకుండా తక్కువ కరెంటుతో తిరిగేది) ఉన్నదే అడగాలి. సాధారణ ఫ్యాను 75 వాట్లు లాగే చోట ఇది 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు పదిహేను గంటల లెక్కన నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతాయి. ఇంటివారు యూనిట్‌కు ఎనిమిది రూపాయలు తీసుకుంటున్నారనుకుంటే, నెలకు నూట అరవై రూపాయలు మిగిలినట్టే. రిమోటు పోతే మాత్రం కొన్ని మోడళ్లలో వేగం మార్చుకోవడం ఇబ్బంది అవుతుంది.

ఆ ఎనిమిది రూపాయల విషయంలో ఇంటివారినే తప్పుపట్టలేము. ఒడిశాలో గృహ వినియోగానికి మొదటి 50 యూనిట్లు చౌక, తరువాత 200 వరకు ఒక ధర, 400 వరకు ఇంకొకటి, ఆపైన మరొకటి. నాలుగు పోర్షన్ల వాడకం ఒకే మీటరులో కలిసినప్పుడు బిల్లు ఎక్కువ ధర ఉన్న పై శ్లాబులకు ఎక్కుతుంది, ఏ కుటుంబానికీ చౌక యూనిట్లు విడిగా దక్కవు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమానే కాక ఆ చోట నివసించేవారూ కనెక్షనుకు దరఖాస్తు చేయవచ్చు. కానీ ఇంటివారితో మాట పడకుండా ఆ పని చేయగలిగిన అద్దెదారులు తక్కువ.

ఇంటి కప్పు మీద సౌర పలకలకు రాయితీ ఇచ్చేందుకు 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం అద్దెదారు దృష్టిలో దాదాపు లేనట్టే. కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల చొప్పున వచ్చే రాయితీ సొంత కప్పు ఉన్నవారికే. ఇంటివారు పలకలు పెట్టించి తమ బిల్లు తగ్గించుకున్నా, సబ్ మీటరు ధర తగ్గించాలన్న నిబంధన ఏదీ ఆ పథకంలో లేదు.

ఇల్లు ఒకరిది, వాడకం మరొకరిది అయిన ఈ ముడిని అమెరికాలో కొంతవరకు విప్పారు. 1976 చట్టంతో మొదలైన అక్కడి వెదరైజేషన్ సహాయ కార్యక్రమం కింద తక్కువ ఆదాయపు అద్దెదారుల ఇళ్లకూ గాలి చొరబడే సందులు మూసి, వేడీ చలీ ఆపే పొరలు వేస్తారు. దానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. ఆ పని వల్ల ఇంటి విలువ పెరిగిందన్న సాకుతో కొంతకాలం వరకు అద్దె పెంచకూడదు. నాలుగుకు మించి వాటాలున్న భవనమైతే సాధారణంగా 66 శాతం కుటుంబాలకు అర్హత ఉండాలి. డబ్బు ప్రభుత్వానిది, షరతు యజమానికి, లాభం అద్దెదారుకు. మన పథకాల్లో కొరవడింది మధ్యలోని ఆ షరతే.

కప్పుల విషయంలో ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే కప్పుల కోసం 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం దారి చూపింది గానీ, నివాస గృహాల్లో 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి చేయడంతో రేకుల పోర్షన్లు దాని పరిధిలోకి రావు. ఇక్కడ ప్రస్తుతానికి సాధ్యమయ్యేది ఒకటుంది: వేసవికి ముందు రేకుల మీద తెల్ల సున్నం కొట్టించడం, సబ్ మీటరు ధరను బిల్లు చూసి నిర్ణయించడం అన్న రెండు మాటలను పదకొండు నెలల అద్దె ఒప్పందంలో రాయించుకోవడం. నాకు తెలిసిన ఒక ఇంటి యజమానురాలు మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు, రెండోదానికి "చూద్దాం బాబూ" అన్నారు.