మా రాణి గడ్డ ఆపరేషన్: నల్గొండలోనా, రాజేంద్రనగర్‌లోనా?

మా ఆడకుక్క రాణికి చనుమొన పక్కన రేగుపండంత గడ్డ. వేలితో తాకితే లోపల గోళీలా జరుగుతోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఇవి ఎక్కువ. దాదాపు సగం క్యాన్సరే కావచ్చు. అందుకే ఆలస్యం చేయదలచుకోలేదు.

నల్గొండలోనే అయితే ప్రయాణం బాధ లేదు. రాత్రి 10 తర్వాత అన్నం పెట్టకుండా, పొద్దున దాకా నీళ్లు మాత్రం ఇచ్చి తీసుకెళ్తే చాలు. కుట్లు విప్పే 10–14 రోజుల్లో ఎక్కడ వాచినా వెంటనే చూపించొచ్చు.

రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి సుమారు 100 కిలోమీటర్లు. రాణికి కారెక్కితే వాంతులు, మాకు టెన్షన్. కానీ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, తీసిన గడ్డకు ల్యాబ్ పరీక్ష ఒక్కచోటే. ఊపిరితిత్తులకు పాకిందో లేదో చూడకుండా కోయించడానికి నాకు మనసొప్పలేదు. ముందు రోజే వెళ్లి చుట్టాలింట్లో ఉంటాం. దాని పాత దుప్పటి కూడా సర్దేశాను.