గీతల్లేని పుస్తకం, నాలుగు రంగుల పెన్ను: నాలుగు నెలలు వాడాక

విజయవాడ బీసెంట్ రోడ్డులో 110 రూపాయలు పెట్టి గీతల్లేని డ్రాయింగ్ పుస్తకం, 45 రూపాయలకి నొక్కితే రంగు మారే బాల్‌పెన్ను కొన్నాను. పిల్లలకి కాదు, నాకే. సూర్యారావుపేటలో నర్సుగా చేస్తూ జర్మన్ బీ1 (మధ్య స్థాయి) పరీక్షకి చదువుతున్నాను. కోచింగ్‌లో ఇచ్చిన జిరాక్సు కాగితాల్లో ఉన్న మాటలన్నీ బట్టీ పడితే, నైట్ డ్యూటీ దిగేసరికి సగం పోయేవి.

ముందు పెన్ను సంగతి. జర్మన్‌లో ప్రతి వస్తువుకీ ఆడో, మగో, రెండూ కానిదో ఏదో ఒకటి అంటగట్టి, దాన్ని బట్టి పేరు ముందు ఒక చిన్న మాట పెడతారు. చెంచా డేర్ (మగ), ఫోర్కు డీ (ఆడ), కత్తి డాస్ (రెండూ కాదు). ఎందుకని అడిగితే జవాబుండదు. అందుకే చెంచాని నీలంతో, ఫోర్కుని ఎరుపుతో, కత్తిని ఆకుపచ్చతో గీశాను. నలుపు మిగతా రాతకి. వార్డు మొత్తం రెండు పేజీల్లో గీసేశాను: నీలం వీల్‌చైరు, ఎర్ర సిరంజి, ఆకుపచ్చ మంచం. ఇప్పుడు నిజం మంచం చూసినా నాకు పచ్చగానే కనిపిస్తోంది. అన్నట్టు, అమ్మాయి అనే మాట కూడా డాస్ అని అందరూ నవ్వుతారు గానీ మనకి వింతేముంది? పిల్ల వచ్చింది, కుర్చీ విరిగింది అంటాం. రెంటికీ క్రియ చివర ఒకటే.

ఈ రంగులే నన్నొకసారి ముంచాయి కూడా. ప్రకాశం బ్యారేజీ బొమ్మ వేసుకుని పైన, కింద, పక్కన, మధ్యన అనే మాటలు రాసుకున్నాను. కింద నీళ్లు, మీద బస్సు, పైన కొంగలు, పక్కన ఇంద్రకీలాద్రి. బస్సు వంతెన మీదికి ఎక్కుతుంటే 'ఔఫ్ డీ బ్రుకె'. ఎక్కి ఆగిపోయి ఉంటే 'ఔఫ్ డేర్ బ్రుకె'. డేర్ కనపడగానే నీలం నొక్కి రాసేశాను. వంతెన మగదైపోయిందని పది రోజులు అలాగే చదివాను. వంతెన ఎప్పటికీ ఎరుపే, ఆగి ఉన్నప్పుడు దాని ముందున్న మాట మాత్రమే మారుతుంది. ఇప్పుడు కదలికకి బాణం, ఆగడానికి చుక్క పెడుతున్నాను. రంగు వస్తువుది, గుర్తు సందర్భానిది. ఈ ఒక్క ముక్క కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

వాక్యానికి రైలు గీశాను. మామూలు వాక్యంలో క్రియ రెండో పెట్టెలో కూర్చుంటుంది. ముందు 'వైల్' (ఎందుకంటే) వచ్చిందా, లేచి వెళ్లి చివరి గార్డు పెట్టెలో కూర్చుంటుంది. మనం ఎలాగూ క్రియని చివర్లోనే పెడతాం కాబట్టి నాకు గార్డు పెట్టె తేలిక, రెండో పెట్టే కష్టం.

బొమ్మకి లొంగని మాటలూ ఉన్నాయి. 'ట్రోట్స్‌డేమ్' (అయినా సరే) కోసం వానలో గొడుగు లేకుండా నడిచే మనిషిని గీస్తే, వారం తర్వాత చూసి 'జలుబు' అని చదువుకున్నాను. వినడానికీ ఈ పుస్తకం పనికిరాదు. పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ విడివిడిగా నూటికి 60 రావాలి. వినడానికి చెవులతోనే కూర్చోవాలి.

ఇక సరుకు. కాగితం పలచన, ఎరుపు ఇంకు వెనక పేజీకి కనబడుతుంది, కాబట్టి ఒకవైపే వాడాను. రెండో నెలకే అట్ట ఊడి, ఆసుపత్రి ప్లాస్టరు వేసి అతికించాను. పెన్నులో ఆకుపచ్చ రీఫిల్ ముందే అయిపోయింది, విడిగా ఆ ఒక్కటీ దొరకదన్నారు. మొత్తం పెన్ను మళ్లీ కొనాలట! పెన్నుకి అయిదుకి నాలుగు, పుస్తకానికి రెండున్నర. ఈసారి స్పైరల్ పుస్తకం తీసుకున్నాను, మొదటి పేజీలో మా వంటిల్లు గీస్తున్నాను. ఇప్పటికి రోకలి దగ్గర ఆగాను, దాన్ని జర్మన్‌లో ఏమంటారో వెతకాలి.